నడుముకు వేలాడిన తుపాకీ చొక్కా కిందికి చేరితే

1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసిన తరానికి కౌబాయ్ తుపాకీ అంటే రివాల్వరే. నడుముకు తోలు ఒర, మధ్యలో తిరిగే సిలిండర్, అందులో ఆరు తూటాలు. ఆ కౌబాయ్‌ల దేశం అమెరికాలో మాత్రం ఇవాళ రివాల్వర్ బాగా వెనకబడింది. 1986లో అక్కడి కర్మాగారాల్లో సుమారు 7.6 లక్షల రివాల్వర్లు, 6.6 లక్షల పిస్టళ్లు తయారయ్యాయి. 2021లో పిస్టళ్లు 67 లక్షలు దాటితే, రివాల్వర్లు 11.6 లక్షల దగ్గరే ఆగాయి. రివాల్వర్ల తయారీ తగ్గిపోలేదు. కొత్తగా తుపాకీ కొన్నవాళ్లలో ఎక్కువమంది పిస్టల్ వైపు వెళ్లారు. దీనికి కారణం సగం యంత్రంలో ఉంది, సగం చట్టంలో ఉంది.

వేలి బలంతో తిరిగే యంత్రం

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వర్‌కు పేటెంట్ పొందాడు. బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగితే సిలిండర్ ఒక గది మేర తిరిగి, కొత్త తూటా గొట్టానికి ఎదురుగా వస్తుంది. తర్వాత వచ్చిన రకాల్లో ట్రిగ్గర్ నొక్కితేనే సిలిండర్ తిరగడం, సుత్తి లేవడం, పడడం అన్నీ జరుగుతాయి. ఆ బలమంతా వేలిదే కాబట్టి ట్రిగ్గర్ బిగువుగా ఉంటుంది. ఒక తూటా పేలకపోయినా మళ్లీ నొక్కితే చాలు, తర్వాతిది సిద్ధం. పోలీసులు దశాబ్దాలపాటు దీన్ని నమ్ముకున్నది అందుకే.

పిస్టల్ పద్ధతి వేరు. తూటా పేలినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది కదా, ఆ తన్నునే అది పనికి వాడుకుంటుంది. పైభాగం వెనక్కి జరిగి ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది. స్ప్రింగ్ దాన్ని ముందుకు నెట్టేటప్పుడు కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. పాత నల్ల తుపాకిమందు మసి కదిలే భాగాలను పట్టేసేది కాబట్టి, 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ పొగరాని మందు కనిపెట్టాకే ఇలాంటి యంత్రానికి దారి సుగమమైంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది.

పోలీసుల మనసు మారడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఆ రోజు చాలామంది ఏజెంట్ల చేతిలో ఉన్నవి రివాల్వర్లే. ఆ తర్వాత పోలీసు శాఖలు పిస్టళ్ల వైపు మళ్లడం వేగం పుంజుకుంది. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ అప్పటికే సిద్ధంగా ఉంది. ప్లాస్టిక్ చట్రంతో తేలిగ్గా ఉండి, మ్యాగజైన్‌లో, అంటే పిడిలో అమర్చే తూటాల పెట్టెలో, 17 తూటాలు పట్టే పిస్టల్ అది.

చట్టం, మందం

1987లో ఫ్లోరిడా కొత్త చట్టం తెచ్చింది. అర్హతలుంటే చాలు, తుపాకీని దాచి వెంట ఉంచుకునే అనుమతి ఇచ్చి తీరాలి, అధికారి ఇష్టాయిష్టాలతో పని లేదు. రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి అదే బాట పట్టాయి. చివరిగా 2013లో ఇల్లినాయ్ కూడా దాచిన తుపాకీని అనుమతించింది. 2022లో న్యూయార్క్ చట్టంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు తుపాకీ వెంట ఉంచుకునే హక్కును ఇంకా బలపరిచింది. ఇప్పుడు 29 రాష్ట్రాల్లో అనుమతి పత్రమే అక్కర్లేదు. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్ 2021లో వాటిలో చేరింది.

ఒరలో వేలాడే తుపాకీ లావుగా ఉన్నా పట్టించుకునేవారు లేరు. చొక్కా కిందికి చేరాక ప్రతి మిల్లీమీటరూ లెక్కలోకి వచ్చింది. రివాల్వర్‌లో తూటాలు వలయంగా కూర్చుంటాయి కాబట్టి సంఖ్య పెంచితే సిలిండర్ లావెక్కుతుంది. పిస్టల్‌లో అవి పిడి లోపల ఒకదానిపై ఒకటి ఉంటాయి, చేత్తో పట్టుకోవడానికి ఆ పిడి ఎలాగూ ఉండాల్సిందే. ఐదు తూటాల చిన్న రివాల్వర్ సిలిండర్ మందం దాదాపు 1.3 అంగుళాలు. 2018లో వచ్చిన సిగ్ పీ365 మందం ఒక అంగుళం దగ్గర ఉంటుంది, మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. జేబుకు, నడుముకు ఏది నప్పుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతమంది తుపాకీ వెంట పెట్టుకుంటే భద్రత పెరిగిందా? స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ డోనహ్యూ బృందం 2019లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, ఇలాంటి చట్టాలు తెచ్చిన రాష్ట్రాల్లో పదేళ్లకు హింసాత్మక నేరాలు, చట్టాలు లేకపోతే ఉండేదానికన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువ.

కనిపించని తూటా

రివాల్వర్ సిలిండర్ తెరిస్తే అన్ని గదులూ ఒకేసారి కంటికి కనిపిస్తాయి. పిస్టల్‌లో అలా కాదు. మ్యాగజైన్ తీసేసినా గొట్టంలోకి అప్పటికే చేరిన తూటా అక్కడే ఉంటుంది. ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కితే అది పేలుతుంది. పైగా చాలా పిస్టళ్ల ట్రిగ్గర్ రివాల్వర్ అంత బిగువుగా ఉండదు.

అందుకే డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఈ ఒక్క సంగతి తప్పక తెలుసుకోవాలి. పిల్లల్ని స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపేముందు, “మీ ఇంట్లో తుపాకీ ఉందా? తూటాలు తీసి, తాళం వేసి ఉంచుతారా?” అని అడగమని అక్కడి పిల్లల వైద్యులు చెబుతారు. మనకు ఇలా అడగడం మొహమాటం. కానీ మా వాడికి వేరుశనగలు పడవని ముందే చెప్పి పంపుతాం కదా, అంత మామూలుగా ఇదీ అడగాలి.