అటక మీది పాత ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే ఫొటోల బీరువా

సర్వర్ అనే మాట మన ఆడవాళ్ల చెవిన పడేది ఎక్కడండీ? బ్యాంకులో అరగంట లైన్లో నిలబడ్డాక కౌంటర్లో అమ్మాయి "సర్వర్ డౌన్ అయిందండీ, మధ్యాహ్నం రండి" అన్నప్పుడు. అలాంటిదాన్ని ఇంట్లో, అదీ టీవీ స్టాండు కింద పెట్టుకోవచ్చు అంటే ముక్కున వేలేసుకోకండి. ఇంటర్‌తో చదువు ఆపేసిన నేను పెట్టుకున్నాను, ఏడాది దాటింది, చక్కగా నడుస్తోంది.

అసలు దాని అవసరం ఏమిటంటారా? మీ ఫోన్లో ఎన్ని ఫొటోలు ఉన్నాయో ఒక్కసారి చూసుకోండి. పెళ్లిళ్లు, సీమంతాలు, పిల్లల స్కూలు డాన్సులు, తిరుపతి ప్రయాణాలు, ఇక వాట్సాప్‌లో వచ్చిపడే శుభోదయాలు సరేసరి. ఒక్కో ఫొటో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. అంటే వెయ్యి ఫొటోలకి నాలుగు జీబీ. వీడియోల సంగతి చెప్పనే అక్కర్లేదు. గూగుల్ మనకి ఊరికే ఇచ్చే చోటు 15 జీబీ. మెయిళ్లు, డ్రైవ్‌లో పెట్టిన కాగితాలు, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఒకప్పుడు కాస్త నాణ్యత తగ్గించిన ఫొటోల్ని ఎన్నయినా దాచుకోనిచ్చేవారు. 2021 జూన్ 1 నుంచి అవి కూడా లెక్కలోకి వచ్చాయి. నిండిపోతే పాలవాడి ఖాతాలాగా నెలనెలా కట్టుకోవాల్సిందే.

డబ్బు మాట అలా ఉంచండి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాల్ని తీసేస్తామని గూగుల్ 2023 మేలో చెప్పింది, ఆ ఏడాది డిసెంబరునుంచి అమల్లో పెట్టింది. ఈ సంగతి పేపర్లో చదవగానే నా గుండె గుభేలుమంది. మా మామగారు 2022లో కాలం చేశారు. ఆయన ఫోను ఆయన పంచెలతోబాటే బీరువాలో పెట్టేశాం. మా అమ్మాయిని ఒళ్లో కూచోబెట్టుకుని పద్యాలు చెబుతున్న వీడియోలు, రాజమండ్రిలో ఆయన అక్కచెల్లెళ్లంతా కలిసిన రోజు ఫొటోలు అన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు. అప్పటికింకా గడువు ఉంది కాబట్టి ఆ ఫోనుకి ఛార్జింగు పెట్టి, ఖాతా తెరిచి, గూగుల్ టేకౌట్ అనే దారిలో మొత్తం దింపుకున్నాం. మూటలు మూటలుగా వస్తాయి, తెల్లవార్లూ పట్టింది. మీ ఇంట్లోనూ పోయినవాళ్ల ఫోను ఏదైనా అలా ఉండిపోయి ఉంటే, మిగతాది చదివినా చదవకపోయినా ఆ పని మాత్రం ఈ వారంలో చూడండి.

దింపుకున్నాం, సరే. ఎక్కడ పెట్టాలి? క్లౌడు అంటే మబ్బని అర్థమేగానీ, అక్కడ మబ్బూ లేదు గిబ్బూ లేదు. ఎక్కడో పెద్ద షెడ్డులో రాత్రింబవళ్లు నడిచే ఎవరివో కంప్యూటర్లు. ఆ కంప్యూటరేదో మనదే అయితే, మన ఇంట్లోనే ఉంటే, దాన్నే ఇంటి సర్వర్ అంటారు. అంతే తేడా.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మరిదిగారబ్బాయిని అడిగితే, "పెద్దమ్మా, కొత్తదేమీ కొనకు. అన్నయ్య కాలేజీ ల్యాప్‌టాప్ అటకెక్కించారుగా, దాన్ని దింపు" అన్నాడు. ఇలాంటి ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. విండోస్ 10కి మామూలుగా వచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, వాటిల్లో చాలావాటికి 11 ఎక్కదు. పాతసామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి ఆలోచించండి. ర్యామ్ ఎనిమిది జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. పైగా ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా ఉన్నపళంగా ఆగిపోదు. కాకపోతే ఆ బ్యాటరీ ఉబ్బిందేమో ముందు చూడాలి. అడుగుభాగం పొంగినట్టున్నా, మూత సరిగ్గా పడకపోయినా దాన్ని ఛార్జింగు పెట్టొద్దు. రిపేరు షాపులో బ్యాటరీ తీయించాకే వాడండి. ఈ విషయంలో పిసినారితనం పనికిరాదు.

మేం కొన్నవి రెండే. రెండు టీబీల హార్డ్ డిస్కు ఒకటి, రౌటర్‌కి కలిపే కేబుల్ ఒకటి. రెండు టీబీలంటే, నాలుగేసి ఎంబీల ఫొటోలు అయిదు లక్షలు పడతాయి. వైఫై మీద కూడా నడుస్తుంది గానీ కేబుల్ అయితే వేగమూ ఎక్కువ, బెడదా తక్కువ.

ఇక అసలు పని. విండోస్ తీసేసి ఉబుంటు సర్వర్ అనేది ఎక్కించాలి. ఇది లైనక్స్‌లో ఒక రకం, పైసా ఖర్చులేదు. వేరే కంప్యూటర్లో దాన్ని దింపి, పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ గుచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యాలి. ఇది ఎక్కితే లోపల ఉన్న పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, కాబట్టి ముందుగానే కావలసినవి పక్కన దాచుకోండి. ఎక్కాక బొమ్మలూ గిమ్మలూ ఏమీ కనబడవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మా వాడు ఫోన్లో ఒక్కో లైను చెబుతుంటే నేను కొట్టాను. ఒక చుక్క తేడా వచ్చినా ఒప్పుకోదు, మా అత్తగారి మడిలాగా. మూత వేస్తే నిద్రపోయే అలవాటు ల్యాప్‌టాప్‌లకి ఉంటుంది కదా, ఆ అలవాటు మాన్పించే సెట్టింగు కూడా అప్పుడే మార్చుకోవాలి.

తర్వాత డాకర్ అనేది పెట్టాలి. ఈ పేరు వింటే కంగారు పడతారుగానీ, మనకి బాగా తెలిసిన సంగతే. గులాబ్‌జామ్ మిక్స్ పాకెట్టు ఉందనుకోండి, పిండి, పాలపొడి, సోడా ఏది ఎంతో మనం చూసుకోనక్కర్లేదు, అన్నీ కొలత ప్రకారం కలిపే ఇస్తారు. ఒక ప్రోగ్రాముకి కావలసిన దినుసులన్నీ అలా ఒకే పాకెట్టులో వచ్చేట్టు చేసేదే డాకర్. మేం తెచ్చుకున్న పాకెట్టు పేరు ఇమ్మిచ్. దీని కథ నాకు భలే నచ్చింది. అలెక్స్ ట్రాన్ అనే ఇంజనీరు ఇంట్లో పసిబిడ్డ పుట్టింది. బిడ్డ ఫొటోలు, వీడియోలు పేరుకుపోతున్నాయి, వాటికోసం ఇంక డబ్బు కట్టడం నావల్ల కాదు, నువ్వే ఏదైనా తయారుచేసి పెట్టరాదా అని వాళ్లావిడ అడిగిందట. ఆయన చేసి 2022లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అడిగే ఇల్లాలు ఉండాలేగానీ!

ఫొటోలకి ఇమ్మిచ్ బాగుంటుంది. కాగితాలు, ఫోన్ నంబర్లు, క్యాలెండరు కూడా దాచుకోవాలంటే నెక్స్ట్‌క్లౌడ్ ఉంది, 2016లో జర్మనీలో మొదలైంది, అదీ ఉచితమే. మొదటిరోజే రెండూ నెత్తికెత్తుకోకుండా ఒకదానితో చెయ్యి తిరిగాక రెండోది చూసుకోవడం నయం.

అన్నీ అయ్యాక ఇంట్లో ఏ ఫోన్లోనైనా 192.168.1.50 అని కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి 2283 అని కొడితే మన బీరువా తలుపు తెరుచుకుంటుంది. మొదటి నంబరు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. రౌటర్లో చెప్పి దాన్ని ఖాయం చేసుకోవాలి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు మారిపోయి వెతుక్కోవాల్సి వస్తుంది. ఫోన్లో ఇమ్మిచ్ యాప్ పెట్టుకుంటే ఫొటోలు వాటంతటవే వెళ్లి కూచుంటాయి. మొదటిసారి మాత్రం రాత్రి ఛార్జింగులో పెట్టి యాప్ తెరిచి ఉంచెయ్యండి. మొహాల్ని కూడా గుర్తుపడుతుంది, అదీ బయటికి ఎక్కడికీ పంపకుండా. మా అమ్మాయి మొహం మీద నొక్కితే ఊయల్లో పడుకున్నప్పటినుంచి ఓణీల ఫంక్షన్ దాకా వరసగా వచ్చాయి. ఆడపిల్లల ఫొటోలు ఇంటి గడప దాటకుండా ఉన్నాయన్న నిశ్చింత ఉందే, దానికి వెల కట్టలేం.

బయట ఊళ్లో ఉన్నప్పుడు చూసుకోవాలంటే? ఇక్కడ జాగ్రత్త. రౌటర్లో పోర్టు తెరిచెయ్యమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది వీధి తలుపు బార్లా తీసి నిద్రపోవడం లాంటిది. పైగా మన ఇంటర్నెట్ కంపెనీల్లో చాలావరకు ఒకే చిరునామాని ఎన్నో ఇళ్లకి కలిపి ఇస్తాయి, తెరిచినా పనిచెయ్యదు. టెయిల్‌స్కేల్ అనేది సర్వర్లోనూ మన ఫోన్లోనూ పెట్టుకుంటే రెండింటికీ మధ్య రహస్యంగా ఒక దారి ఏర్పడుతుంది. ఇంటి వాడకానికి డబ్బు అడగదు. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి అలాగే చూసుకుంటోంది.

కరెంటు బిల్లు గురించి మావారు రెండు రోజులు సణిగారు. లెక్క చూపించాను. పాత ల్యాప్‌టాప్ తెర ఆపేసి ఉంచితే ఇంచుమించు 15 వాట్లు. రోజంతా నడిస్తే 360 వాట్-అవర్లు, నెలకి పదకొండు యూనిట్లు. గీజరు వెయ్యి పూటలు వేసినా ఏమీ అనరుగానీ! గాలి ఆడేచోట పెట్టండి, చూడముచ్చటగా ఉంటుందని దాని మీద క్రోషా గుడ్డ కప్పకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. ఇంట్లో సర్వర్ పెట్టుకున్నామని ఫోన్లోవీ గూగుల్లోవీ వెంటనే చెరిపెయ్యొద్దు. హార్డ్ డిస్కుకి ఆయుర్దాయం రాసిపెట్టి ఉండదు, ఏ రోజైనా పోవచ్చు. పెద్దవాళ్లు చెప్పే లెక్క మూడు, రెండు, ఒకటి. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే ఇంట్లో. నేను ఇంకో డిస్కులోకి ఎక్కించి, తీసేసి, మా చెల్లెలింట్లో పెట్టాను. సంక్రాంతికీ, ఉగాదికీ, దసరాకీ వెళ్లినప్పుడు తెచ్చి కొత్తవి కలిపి మళ్లీ ఇచ్చేస్తాను. ఫొటోలతోబాటు ఇమ్మిచ్ రాసుకునే డేటాబేసుని కూడా కలపాలి, లేకపోతే ఆల్బమ్‌లు, పేర్లు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఎక్కించాక నాలుగు ఫొటోలు తెరిచి చూస్తేనే అది ప్రతి కింద లెక్క.

ఇదంతా నావల్ల కాదు, నెలకింత కట్టేసి ఊరుకుంటాను అనేవాళ్లని నేను తప్పుపట్టను. నెలకోసారి అప్‌డేట్లు చూడాలి, అప్పుడప్పుడూ అలుగుతుంది, ఓపిక కావాలి. ఉన్నవాళ్లు మాత్రం పాస్‌వర్డులు, ఆ నంబరు, ఎలా ఆపాలి, ఎలా మొదలుపెట్టాలి అన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. మా ఇంట్లో అది గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు ఉన్న సంచిలో ఉంటుంది.