చిన్నారుల చేతిలో సొంత పుస్తకం

ఇంట్లో గోదావరి రేవు, పడవలు, చేపల బుట్టల గురించి ధారాళంగా మాట్లాడే బిడ్డ, అక్షరాలు ఇంకా పట్టుబడనందున తరగతిలో మౌనంగా ఉండవచ్చు. యానానికి వేరే ప్రాంతం నుండి వచ్చిన కుటుంబమైతే, యాస భేదం వల్ల సంకోచం మరింత పెరగవచ్చు.

బుక్ క్రియేటర్ వంటి యాప్‌లు ఇక్కడ ఉపకరిస్తాయి. ఒకే పుటలో బొమ్మ, ఛాయాచిత్రం, అక్షరాలు, స్వరం చేర్చవచ్చు. బిడ్డ ముందుగా బొమ్మ గీసి, కథను తన మాటల్లో చెప్పి రికార్డు చేయాలి. ఉపాధ్యాయులు ఆ మాటలను మార్చకుండా టైపు చేయాలి. తాను పలికిన మాటలే గనుక వాటిని చదవడం బిడ్డకు సులభమవుతుంది.

పుస్తకాన్ని కాగితంపై ముద్రిస్తే స్వరం ఉండదు. ఈపబ్‌గా భద్రపరిస్తే ఉంటుంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలను ఉచితంగా చదవవచ్చు, కొత్తవి ప్రచురించవచ్చు. అయితే అక్కడ ప్రచురించిన కథను ఇతరులు మార్చి వాడుకునే అనుమతి ఉంటుంది. కనుక తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల రచనను, పేరును, ఫొటోను, స్వరాన్ని బహిరంగపరచరాదు.

తల్లిదండ్రులారా, ఆ పుస్తకాన్ని బిడ్డ చేత ఇంట్లో చదివించుకోండి. మీ సొంత ఊరి మాట ఒకటి అందులో చేర్పించండి.