తెర మీద బాంబు... తెర బయట బాంబు!

గూఢచారి అనగానే ఒకప్పుడు మన ప్రేక్షకులకి కృష్ణే గుర్తొచ్చేవాడు. 1966లో వచ్చిన "గూఢచారి 116" పుట్టించిన మోజు అలాంటిది! 2018లో అడివి శేష్ "గూఢచారి"గా వచ్చినా కుర్రకారు అదే హుషారుతో చూశారు. హీరోలు మారారు గానీ ముచ్చట మారలేదు. టైమ్ బాంబు టిక్కుటిక్కుమంటుంది. ఒక్క సెకను మిగిలుండగా హీరో సరైన వైరు కత్తిరిస్తాడు. ఇక హాల్లో ఈలలే ఈలలు!

అసలు జీవితంలో మాత్రం ఆ ఒక్క సెకను దొరకదు.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. హైదరాబాదు లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవాళ్ళ మధ్య ఒక బాంబు పేలింది. కొద్ది నిముషాల తేడాలో కోఠీ గోకుల్ చాట్ దగ్గర మరొకటి. 42 మంది పోయారు. వాళ్ళు చేసిన తప్పేమిటి? సరదాగా షో చూడటం, ఒక ప్లేటు చాట్ తినటం!

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ వంతు వచ్చింది. కోణార్క్, వెంకటాద్రి సినిమా హాళ్ళున్న ఆ సందడిలోనే 107 బస్టాపు దగ్గర ఒకటి, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఒకటి పేలాయి. సైకిళ్ళకి పెట్టిన బాంబులవి! 18 మంది ప్రాణాలు పోయాయి. దిల్‌సుఖ్‌నగరంటే కోచింగ్ సెంటర్ల అడ్డా. మా రాయపోల్ వైపు నుంచి చదువుకనో, కొత్త సినిమాకనో గజ్వేల్ మీదుగా సిటీ బస్సెక్కే పిల్లలకి ఇది ఎక్కడిదో దూరపు కథ కాదు.

మరి దోషులు దొరికారా? "వైల్డ్ డాగ్" (2021)లో నాగార్జున ఎన్.ఐ.ఏ. ఆఫీసరుగా నేపాల్ దాకా వెళ్ళి వేటాడటం చూశాం. నిజంగానూ యాసిన్ భత్కల్ 2013 ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గరే పట్టుబడ్డాడు. అయితే సినిమా రెండు గంటల్లో ముగుస్తుంది, కేసు అలా ముగియదు. కోర్టులో 157 మంది సాక్షులు చెప్పాల్సి వచ్చింది. 2016 డిసెంబరులో ఎన్.ఐ.ఏ. కోర్టు అయిదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. అంటే పేలుడు జరిగి పన్నెండేళ్ళు! ప్రధాన నిందితుడని చెప్పే రియాజ్ భత్కల్ ఇంకా చిక్కనే లేదు.

ఈ ఎన్.ఐ.ఏ. కూడా 2008 నవంబరులో ముంబయి దాడి జరిగాకే పుట్టింది. ఆ దాడిలో తాజ్ హోటల్లో నేలకొరిగిన సందీప్ ఉన్నికృష్ణన్ కథే "మేజర్" (2022). ఆ తర్వాతే ఢిల్లీ దగ్గరుండే ఎన్.ఎస్.జి. కమాండోలకి హైదరాబాదులోనూ ఒక స్థావరం ఏర్పడింది. మన రాష్ట్రానికి "ఆక్టోపస్" దళం ఉండనే ఉంది.

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పుకోవాలి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు పట్టుకుపోయిన యువకుల్లో పలువురు తర్వాత కోర్టులో నిర్దోషులుగా తేలారు. పోయిన పరువు, చదువు, నౌకరీ ఎవరు తిరిగిస్తారు? "వేదం" (2010)లో మనోజ్ బాజ్‌పాయ్ వేసిన రహీముద్దీన్ పాత్ర చెప్పిందిదే. "ఖడ్గం" (2002)లో ప్రకాష్‌రాజ్ అంజాద్‌ని తలుచుకోండి. గడ్డం, టోపీ చూసి అనుమానించటం కాపలా కాదు. అసలు దోషి అటు నుంచి తప్పించుకుపోతాడు, అంతే!

మరి చూడాల్సిందేమిటి? మనిషిని కాదు, వస్తువుని. ఎవరిదో తెలియని బ్యాగు, టిఫిన్ డబ్బా, వదిలేసిన సైకిలు కనబడితే ముట్టుకోవద్దు. సెల్ఫీ అసలే వద్దు! దూరం జరిగి, నలుగురినీ జరిపి, 112కి ఫోను కొట్టండి. హాలు గేటు దగ్గర బ్యాగు తనిఖీ చేస్తే "టైటిల్స్ పోతున్నాయి బాబూ" అని చిరాకు పడకండి. టైటిల్స్ మళ్ళీ చూడొచ్చు.

పేలిన బాంబు పేపర్లో వస్తుంది. పేలకుండా ఆగిన బాంబుకి ఈలలుండవు, కటౌట్లుండవు. ఆ పని చేసేవాడికి ఫ్యాన్స్ అసోసియేషన్ ఎవరు పెడతారు చెప్పండి?