వ్యాయామంలో ఖర్చయిన కేలరీలను తిరిగి తినవచ్చునా?

ఫజ్ర్ నమాజు ముగించుకొని గంటసేపు నడిచి వచ్చే సోదరులు నేడు చాలా వీధుల్లో కనిపిస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయం. అయితే వారిలో కొందరు ఇంట అడుగుపెడుతూనే చేతి గడియారం చూసుకొని, నాలుగు వందల కేలరీలు ఖర్చయ్యాయి కనుక మరో రెండు పరాఠాలు తినవచ్చునని లెక్క వేసుకుంటారు. నెల గడిచినా బరువు తగ్గదు. అప్పుడు నడక వల్ల ప్రయోజనం లేదని నిరాశపడి, దానినే మానివేస్తారు. నిజానికి లోపం నడకలో లేదు, ఆ లెక్కలో ఉంది.

గడియారం చెప్పే లెక్క

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేతికి ధరించే ఏడు పరికరాలను 60 మందిపై పరీక్షించి, 2017లో ఫలితాలను ప్రకటించారు. గుండె వేగాన్ని వాటిలో ఆరు చక్కగానే కొలిచాయి. కేలరీల విషయంలో మాత్రం అన్నిటికంటే మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికంటే బలహీనమైనది 93 శాతం తప్పింది.

మరొక సంగతి. 70 కిలోల బరువున్న వ్యక్తి గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 70 వరకు ఊరక కూర్చున్నా ఖర్చయ్యేవే. అంటే నడక వల్ల అదనంగా ఖర్చయినవి దాదాపు 180 మాత్రమే. ఒక పెద్ద చెంచాడు నూనెలో 120 కేలరీలుంటాయి. గంట నడక ఫలితాన్ని ఒకటిన్నర చెంచాల నూనె హరించివేస్తుందన్నమాట!

ఒకే శ్రమకు రెండు లెక్కలు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన ప్రకారం, ఎక్కువగా కూర్చొని పనిచేసే 65 కిలోల పురుషునికి రోజుకు 2,110 కేలరీలు కావాలి. ఓ మోస్తరు శ్రమ చేసేవానికి 2,710 కావాలి. 55 కిలోల స్త్రీకి ఈ అంకెలు 1,660, 2,130. రెండో అంకెలో శ్రమ ముందే చేరి ఉంది. దానిని ఆధారంగా చేసుకొని ఆహార ప్రణాళిక వేసుకున్నవారు నడకకు మళ్లీ అదనంగా తింటే, ఒకే శ్రమను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

మరి ఎవరు తినాలి?

దీనికి భిన్నమైన పొరపాటు కూడా మన ఇళ్లలో జరుగుతోంది. వివాహం దగ్గరపడిందని కొందరు ఆడపిల్లలు ఒక పూట తిండి మానివేసి, పైగా గంటల కొద్దీ వ్యాయామం చేస్తుంటారు. కొంతకాలానికి జుట్టు రాలుతుంది, నీరసం ఆవరిస్తుంది, నెలసరి తప్పవచ్చు. బిడ్డ సన్నబడిందని మురిసిపోకుండా తల్లిదండ్రులు ఈ సూచనలను గమనించాలి. వీరు వ్యాయామానికి తగినట్లు తప్పక తినాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే ప్రయత్నాన్ని తమంతట తాము చేపట్టరాదు.

ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామం పెరిగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే తీపి తీసుకోవాలి. వారి ఆహారాన్ని, మందు మోతాదును వైద్యుడే నిర్ణయించాలి.

ఆచరణ ఎలా?

బరువు తగ్గదలచిన ఆరోగ్యవంతులు గంటలోపు నడకకు అదనంగా ఏమీ తినవలసిన పని లేదు. వ్యాయామాన్ని లెక్కలో చేర్చకుండా ప్రణాళిక వేసుకొని, గంటకు మించి కఠినంగా శ్రమించేవారు మాత్రం గడియారం చూపిన దానిలో సగానికి మించకుండా తినడం క్షేమకరం. ఆ తినేది గుడ్డు, పెరుగు, ఉడికించిన శనగల వంటిదైతే ఆకలి తీరుతుంది, కండకు బలమూ చేకూరుతుంది.

వారానికొకసారి, ఒకే సమయంలో, ఉదయం ఏమీ తినకముందు బరువు చూసుకోండి. నాలుగు వారాల తరువాత వారానికి అరకిలో చొప్పున తగ్గినట్లు తేలితే మీ పద్ధతి సరైనదే. కిలోకు మించి తగ్గుతూ నీరసం కలుగుతుంటే ఆహారం పెంచండి. ఏమీ తగ్గకపోతే వంటింటి నూనె గిన్నెను, టీలో వేసే చక్కెరను ముందుగా పరిశీలించండి.

బరువు తగ్గినా తగ్గకపోయినా నడక రక్తపోటుకు, చక్కెర వ్యాధికి, గుండెకు మేలు చేస్తూనే ఉంటుంది. కనుక దానిని అదనపు భోజనానికి కూలిగా భావించకండి, ఏ కారణం చేతనూ మానకండి.