క్యాన్సర్ కారక రసాయనాల వినియోగం – అనుమతులు, కార్మికుల హక్కులు

పనిచేసే చోట యంత్రం వల్ల గాయమైతే అది వెంటనే అందరికీ కనిపిస్తుంది. క్యాన్సర్ కారక రసాయనాల వల్ల కలిగే హాని అలా కనిపించదు. కొన్ని సందర్భాలలో 20 నుంచి 40 సంవత్సరాల తరువాత, కార్మికుడు ఉద్యోగ విరమణ చేసి ఇంటి వద్ద ఉన్న దశలో వ్యాధి బయటపడుతుంది. అప్పటికి ఫ్యాక్టరీ మూతపడి ఉండవచ్చు, యాజమాన్యం మారి ఉండవచ్చు. అందువల్లనే ఇటువంటి రసాయనాల విషయంలో ముందస్తు అనుమతి, క్రమబద్ధమైన వైద్య పరీక్షలు, ఆరోగ్య రికార్డుల భద్రత అత్యంత కీలకమైనవి.

వృత్తికీ క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని 1775లో పెర్సివాల్ పాట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు పొగగొట్టాలు శుభ్రపరిచేవారిలో గుర్తించారు. 1895లో జర్మనీకి చెందిన లుడ్విగ్ రేన్, అద్దకపు రంగుల తయారీలో పనిచేసినవారికి మూత్రాశయ కణితులు వస్తున్నట్లు వెల్లడించారు. ప్రస్తుతం ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో గల అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ బెంజీన్, బెంజిడిన్, వినైల్ క్లోరైడ్, ఫార్మల్డిహైడ్, ఆస్బెస్టాస్ తదితరాలను మానవులలో క్యాన్సర్ కలిగించేవిగా నిర్ధారించి మొదటి శ్రేణిలో చేర్చింది.

లైసెన్సుకు ముందే పరిశీలన

భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలపై ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చారు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూడా ఈ రక్షణలు కొనసాగుతున్నాయి. ప్రమాదకర ప్రక్రియతో కూడిన ఫ్యాక్టరీ నెలకొల్పే స్థలాన్ని స్థల పరిశీలక కమిటీ పరిశీలించే ఏర్పాటు ఇందులో ఉంది. ఏ రసాయనం వాడుతున్నదీ, దానివల్ల కలిగే ప్రమాదం ఏమిటన్నదీ యాజమాన్యం కార్మికులకూ, అధికారులకూ, పరిసర ప్రాంతాల ప్రజలకూ తెలియజేయాలి.

వైద్య పరీక్షలు – రికార్డులు

కార్మికుని ప్రమాదకర పదార్థాలతో కూడిన పనిలో నియమించే ముందు ఒకసారి, ఆపైన 12 నెలలకు మించని వ్యవధిలో క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు జరిపించాలి. ఆ పని మానివేసిన తరువాత కూడా ఈ పరీక్షలు కొనసాగాలి. తన ఆరోగ్య రికార్డును చూసే హక్కు కార్మికునికి ఉంది. చట్టం ప్రకారం తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో వృత్తిపరమైన క్యాన్సర్ కూడా ఉంది. దానిని గుర్తించిన వైద్యుడు సంబంధిత అధికారికి తెలియజేయాలి.

ఆస్బెస్టాస్ కార్మికుల విషయమై 1995 జనవరి 27న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించింది. గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా సేవలందించిన జస్టిస్ కె. రామస్వామి ఈ తీర్పును రచించారు. కార్మికుని ఆరోగ్య హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో అంతర్భాగమని తీర్పులో స్పష్టం చేశారు. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిననాటి నుంచి 40 సంవత్సరాలు, లేదా ఉద్యోగం ముగిసిన తరువాత 15 సంవత్సరాలు, వీటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించారు. ఆ రికార్డు లేనినాడు వ్యాధిగ్రస్తుడైన వృద్ధ కార్మికుడు తన వ్యాధికి కారణం పనిచేసిన చోటేనని నిరూపించుకోవడం అతి కష్టం.

ప్రత్యామ్నాయాలే మేలు

బెంజీన్ రక్త క్యాన్సర్‌కు దారితీస్తుంది. దీనిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1971లో రూపొందించిన 136వ ఒడంబడికను భారతదేశం 1991లో ఆమోదించింది. హాని లేని, లేదా హాని తక్కువైన పదార్థం లభిస్తే బెంజీన్‌కు బదులు దానినే వాడాలని ఈ ఒడంబడిక నిర్దేశిస్తోంది. గర్భిణులను, పాలిచ్చే తల్లులను బెంజీన్‌కు గురయ్యే పనులలో నియమించరాదు. వైద్య పరీక్షల ఖర్చు కార్మికునిపై పడరాదు.

ప్రయోగశాలలలో వాడే పరిమాణం తక్కువే అయినా జాగ్రత్తలు సడలించరాదు. వైద్య కళాశాలల్లో భౌతికకాయాలను భద్రపరిచేందుకు వాడే ఫార్మాలిన్‌లో ఫార్మల్డిహైడ్ ఉంటుంది. విద్యార్థులు కొద్ది గంటలు మాత్రమే అక్కడ ఉంటారు. అటెండర్లు మాత్రం సంవత్సరాల తరబడి అదే గాలి పీల్చవలసి వస్తుంది. ఆవిరిని బయటకు పంపే ఏర్పాటు, చేతి తొడుగులు, సీసాలపై స్పష్టమైన హెచ్చరికలు, వాడకం వివరాల రిజిస్టరు అక్కడ కూడా అవసరమే.

ప్రాణానికి తక్షణ ముప్పు పొంచి ఉందని భావించినప్పుడు దానిని యాజమాన్యం దృష్టికి తీసుకువెళ్ళే హక్కును చట్టం కార్మికులకు కల్పించింది. లైసెన్సు పత్రాన్ని గోడకు తగిలించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. అందులోని షరతులు నిత్యం అమలైనప్పుడే, నేడు పనిలో చేరిన యువ కార్మికుడు నలభై ఏళ్ల తరువాత కూడా ఆరోగ్యంగా ఉండగలుగుతాడు.