పై శ్రేణికి ఈ క్లబ్బు సిద్ధమేనా?

ఒక బాలుడు పరీక్షలో ప్రథముడుగా ఉత్తీర్ణుడైనచో వానిని పై తరగతిలో కూర్చుండబెట్టుదుము. అచ్చటి పాఠములు వానికి పట్టుబడునా లేదా అన్నది ఆ పరీక్ష చెప్పదు. మరుసటి సంవత్సరము చెప్పును. ఫుట్‌బాల్ క్లబ్బుల సంగతియు ఇట్టిదే. క్రింది శ్రేణిలో అగ్రస్థానమందిన జట్టును పై శ్రేణికి పంపుట న్యాయము. ఆ జట్టు అచ్చట నిలదొక్కుకొనుటకు సిద్ధముగా నున్నదా అన్నది వేరొక ప్రశ్న. అర్హత ఒకటి, సంసిద్ధత మరియొకటి.

మన దేశమున ఈ ప్రశ్న చాలకాలము తలయెత్తలేదు. ఐ-లీగు 2007లోను, ఇండియన్ సూపర్ లీగు 2014లోను ప్రారంభమైనవి. మొదటిదానిలో గెలిచిన జట్టుకు రెండవదానిలో చోటు దొరుకు మార్గము లేకుండెను. 2022-23 పోటీలతో ఆ మార్గము తెరువబడినది. లైసెన్సు నిబంధనలను నెరవేర్చినచో ఐ-లీగు విజేత ప్రవేశ రుసుము చెల్లింపకయే పై శ్రేణిలో చేరవచ్చును. ఈ మార్గమున మొదట వెళ్లిన రెండు క్లబ్బుల చరిత్ర మన ప్రశ్నకు చక్కని ఉదాహరణము.

2022-23లో పంజాబు ఎఫ్.సి. 22 ఆటలలో 52 పాయింట్లు గడించి విజేత అయ్యెను. మరుసటి సంవత్సరము కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు 24 ఆటలలో సరిగా అదే సంఖ్యను, 52 పాయింట్లను, సాధించెను. గెలుపునకు మూడు, సమానమైన ఆటకు ఒకటి చొప్పున పాయింట్లు లెక్కింతురు. సగటున పంజాబునకు ఆటకు 2.36, మహమ్మడన్‌కు 2.17 వచ్చినవి. ఈ పట్టికను మాత్రము చూచిన వారు రెండింటి బలమును ఇంచుమించు సమానమనియే తలంతురు.

పై శ్రేణిలో జరిగినది వేరు. పంజాబు 2023-24లో 22 ఆటలకు 24 పాయింట్లతో, 12 జట్లలో ఎనిమిదవ స్థానమున నిలిచెను. మహమ్మడన్ 2024-25లో 24 ఆటలకు 13 పాయింట్లతో, 13 జట్లలో కడపటి స్థానమున నుండెను. 24 ఆటలలో దానికి దక్కిన గెలుపులు రెండు మాత్రమే. క్రింది శ్రేణికి దిగవలసిన నియమము అప్పటికి అమలులో లేకపోవుటచే ఆ క్లబ్బు నిలిచినది గాని, వేరొక దేశమున నైనచో వెంటనే దిగవలసి యుండెడిది.

ఈ భేదమునకు కారణమేమి? పంజాబునకును పై శ్రేణి ప్రవేశము సుఖముగా జరుగలేదు. 2023 సెప్టెంబరులో తొలి ఆటను మోహన్ బగాన్‌కు 1-3 గోలుల తేడాతో ఓడిపోయెను. తొలి గెలుపునకై డిసెంబరు వరకు వేచియుండవలసి వచ్చెను. సొంత రాష్ట్రమును వదలి ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ మైదానమును స్వగృహముగా భావించి ఆడవలసి వచ్చెను. అయినను యాజమాన్యము తొందరపడలేదు. క్రింది శ్రేణిలో గెలిపించిన గ్రీకు శిక్షకుడు వెర్గెటిస్‌నే ఆ సంవత్సరమంతయు కొనసాగించెను. ఐ-లీగులో 16 గోలులు చేసిన స్లొవేనియా క్రీడాకారుడు లూకా మైట్సెన్‌ను నిలుపుకొనెను. ఓటములు వచ్చుచున్నపుడు ఓర్పు చూపుటకు ఖజానాలో ధైర్యముండవలెను. ఆ ధైర్యము అచ్చట నుండెను.

మహమ్మడన్ సామాన్యమైన క్లబ్బు కాదు. 1891లో స్థాపితమై, 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదేండ్లు కలకత్తా లీగును గెలిచిన ఘనత దానిది. అభిమానులకును కొదువలేదు. కాని కీర్తి వేరు, నెలనెల జీతము వేరు. ఆ సంవత్సరము చెల్లింపులు ఆలస్యమగుచున్నవను వార్తలు పలుమారులు వెలువడెను. జట్టును పై శ్రేణికి చేర్చిన రష్యా శిక్షకుడు చెర్నిషోవ్ 2025 జనవరిలో జీతపు బకాయిలను పేర్కొని పదవిని వదలెను. ఇంటి సంగతి చక్కబడక మైదానమున కాలు నిలుచుట కష్టము.

ధనవిషయమున ఎంత జాగరూకత వలయునో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగును గెలిచిన హైదరాబాదు ఎఫ్.సి. ఆర్థికముగా చితికి, 2023-24లో 22 ఆటలకు 8 పాయింట్లతో చిట్టచివర నిలిచెను. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనెను. రహీము శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచిన ఊరిలో ఇట్లు జరిగినది! శిఖరమున నున్న జట్టునకే ఈ గతి పట్టగా, క్రొత్తగా మెట్టెక్కు జట్టు ఎంత హెచ్చరికగా నుండవలెను?

ఇదే నగరమునకు చెందిన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు ఆ రెండేండ్లును ద్వితీయ స్థానమున నిలిచినది. మొదటిసారి విజేతకంటె 10 పాయింట్లు, రెండవసారి 4 పాయింట్లు తక్కువ. నగర శివారున తనకు సొంత మైదానము కలదు. విజేతలైన పంజాబువారికి లేని ఈ వసతి రెండవ స్థానపు జట్టునకుండుట గమనింపదగినది. సంసిద్ధతలో కొంత భాగమున్నను అర్హత దక్కలేదు; తలుపు మొదటివానికే తెరచుకొనును. దీనిని అన్యాయమనుటకు వీలులేదు. మైదానము చూచి, ధనము చూచి ప్రవేశమిచ్చినచో ఆటలో గెలుపునకు విలువ యేమి మిగులును?

కనుకనే గెలుపును, లైసెన్సును రెండింటిని కోరుచున్నారు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సు నిబంధనలలో ఐదు విభాగములు కలవు: క్రీడ, వసతులు, సిబ్బంది మరియు పరిపాలన, న్యాయవిషయములు, ఆర్థికము. ఈ ఐదింటిలో ఆటకు సంబంధించినది ఒకటే. తక్కిన నాలుగును ప్రేక్షకునికి కానరానివి. కాని కాగితముపై అంగీకారము పొందుట ఒకటి, సంవత్సరము పొడవున ఆ మాట నిలుపుకొనుట మరియొకటి.

మీ అభిమాన జట్టు కప్పును గెలిచిన రాత్రి తప్పక సంతోషింపుడు. మరునాటి ఉదయము మాత్రము కొన్ని ప్రశ్నలు వేసికొనుడు. పది వారములు గెలుపు లేకున్నను శిక్షకుని నిలుపుకొను ఓర్పు యాజమాన్యమునకు కలదా? ముఖ్యుడైన గోలు వీరుడు గాయపడినచో ఆ స్థానమున నిలువగల యువకుడు తన అకాడమీలో నున్నాడా? ప్రేక్షకులు తగ్గిన నెలలో కూడ జీతములు వేళకు అందునా? వీనికి అవునని బదులు వచ్చినచో ఆ జట్టు మొదటి యేడు ఎనిమిదవదైనను భయము లేదు. లేదని వచ్చినచో 52 పాయింట్లును దానిని కాపాడజాలవు.