రసాయన సమతాస్థితిపై పీడన ప్రభావం

మూసిన పాత్రలో జరిగే ద్విగత చర్యలో పురోగామి, తిరోగామి చర్యల వేగాలు సమానమైన స్థితిని రసాయన సమతాస్థితి అంటారు. వాయువులు పాల్గొనే చర్యలలో ఈ స్థితి వద్ద ఏ వాయువు ఎంత ఉంటుందో గణించటానికి ఉష్ణోగ్రతతో పాటు పీడనం కూడా తెలియాలి. అయితే ఉదజని, అయోడిన్ ఆవిరి కలిసి హైడ్రోజన్ అయొడైడ్ ఏర్పడే చర్యలో వలె వాయు మోల్‌ల సంఖ్య మారకపోతే పీడన ప్రభావం దాదాపు ఉండదు.

అమ్మోనియా సంశ్లేషణ

ఒక మోల్ నత్రజని, మూడు మోల్‌ల ఉదజనితో కలిసి రెండు మోల్‌ల అమ్మోనియాను ఇస్తుంది. అమ్మోనియా పాక్షిక పీడనపు వర్గాన్ని, నత్రజని పాక్షిక పీడనము, ఉదజని పాక్షిక పీడనపు ఘనముల లబ్ధంతో భాగిస్తే సమతాస్థితి స్థిరాంకం వస్తుంది. మిశ్రమాన్ని నొక్కి మొత్తం పీడనాన్ని పది రెట్లు చేస్తే లవం 100 రెట్లు, హారం 10,000 రెట్లు అవుతాయి. భాగఫలం నూరో వంతుకు పడిపోతుంది. ఉష్ణోగ్రత మారలేదు కనుక స్థిరాంకం మారదు. భాగఫలం తిరిగి ఆ విలువకు చేరేవరకు అమ్మోనియా ఏర్పడుతూనే ఉంటుంది. లీ షాట్లియర్ 1884లో ప్రకటించిన నియమం మాటలలో చెప్పేది ఈ లెక్కనే.

నత్రజని, ఉదజని 1:3 నిష్పత్తిలో ఉన్నపుడు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద సమతాస్థితి మిశ్రమంలో అమ్మోనియా 10 అట్మాస్ఫియర్ల పీడనంలో సుమారు 2 శాతం, 100 వద్ద 16 శాతం, 300 వద్ద 35 శాతం, 1000 వద్ద 69 శాతం ఉంటుంది. ఉష్ణోగ్రత తగ్గించినా దిగుబడి పెరుగుతుంది గాని, ఇనుప ఉత్ప్రేరకం చల్లని స్థితిలో చాలినంత వేగంగా పనిచేయదు. అందువలన పీడనం పెంచక తప్పలేదు. 1901లో ఈ ప్రయత్నం చేసిన లీ షాట్లియర్ ప్రయోగశాలలో పేలుడు సంభవించగా ఆయన దానిని విరమించుకున్నాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ దీనిని సాధించగా, కార్ల్ బాష్ కృషితో 1913లో జర్మనీలోని ఒప్పావులో కర్మాగారం మొదలైంది.

జడ వాయువు చేరినపుడు

ఘనపరిమాణం మారకుండా ఆర్గాన్ వంటి వాయువును కలిపితే మొత్తం పీడనం పెరుగుతుంది కాని పాక్షిక పీడనాలు మారవు, సమతాస్థితి కదలదు. విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే. పీడనం స్థిరంగా ఉంచి కలిపితే మాత్రం పాక్షిక పీడనాలు తగ్గుతాయి. ఇథైల్ బెంజీన్ నుండి స్టైరీన్ తయారీలో నీటి ఆవిరిని కలపటానికి ఇది ఒక కారణం.

అధిక పీడనంలో సవరణ

పై గణనలు ఆదర్శ వాయువులకు మాత్రమే కచ్చితం. ఒక మోల్ అమ్మోనియాకు రాసిన స్థిరాంకాన్ని పాక్షిక పీడనాలతో గణిస్తే, 450 డిగ్రీల వద్ద 10 అట్మాస్ఫియర్లలో 0.0066 ఉన్నది 1000 వద్ద 0.023 అవుతుంది. నిజానికి మారినది స్థిరాంకం కాదు, వాయువుల ప్రవర్తన. కనుక పాక్షిక పీడనానికి బదులు, 1901లో గిల్బర్ట్ లూయిస్ ప్రతిపాదించిన ఫ్యుగాసిటీని వాడతారు.